షట్టర్ దించాక కూడా వచ్చే వైఫై

(హైదరాబాద్ అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకుంటున్నవారి ముందు, టెలికాం రంగంలో పనిచేసి రిటైరైన ఒక ఇంజినీరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చకుండా రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు కాస్త ఎక్కువగానే ఉంది. వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నన్ను పిలిచినవాళ్ళు "ఎథిక్స్ పేపర్‌కి పనికొచ్చేది ఏదైనా చెప్పండి సార్" అన్నారు. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి ఎథిక్స్‌కి విడిగా ఒక పేపర్ ఉంది, మీకు తెలిసిందే. అందులో కేస్ స్టడీలు చూస్తే అన్నీ పెద్దవాళ్ళ కష్టాలు. మీరొక కలెక్టర్, మంత్రి ఒత్తిడి తెస్తున్నాడు. మీరొక ఇంజినీర్, వంతెన నాణ్యత బాగాలేదు. మీలో ఎవరూ ఇంకా కలెక్టర్ కాలేదు కాబట్టి ఆ తీర్పులు ఇవ్వడం చాలా తేలిక. కాగితం మీద లంచం వద్దనడానికి పైసా ఖర్చు కాదు. అందుకే మీ గదుల్లో రోజూ రాత్రి జరిగే విషయం ఒకటి తెచ్చాను.

మీ గది రెండో అంతస్తు. కింద ఒక చిన్న కేఫ్. టీ, సమోసా, ఎగ్ పఫ్. గోడకి ఒక కాగితం అంటించారు: ఫ్రీ వైఫై, దాని కింద పాస్‌వర్డ్. ఒకరోజు టీ తాగుతూ ఆ పాస్‌వర్డ్ కొట్టారు. ఫోన్ దాన్ని గుర్తుపెట్టుకుంది. గదికి వచ్చి మంచం మీద వాలితే అక్కడ కూడా రెండు గీతల సిగ్నల్. మీ ప్యాక్‌లో రోజుకి ఒకటిన్నర జీబీ, అది సాయంత్రం క్లాసులకే అయిపోతుంది. రాత్రి పదకొండుకి కేఫ్ షట్టర్ దించేశారు. రౌటర్ మాత్రం ఆపలేదు. మీరు వీడియో క్లాసు పెట్టుకున్నారు. తప్పా, కాదా?

తప్పు కాదనేవాళ్ళు చేతులెత్తండి. (చాలా చేతులు లేచాయి.) తప్పనేవాళ్ళు? (కొన్ని.) చెయ్యే ఎత్తనివాళ్ళు బహుశా ఇప్పుడు కూడా దానికే కనెక్టయి ఉంటారు. (నవ్వులు)

ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతామని మన మీద మనమే జోకు వేసుకుంటాం. నేను ఆ దారిలో వెళ్ళను. ఇక్కడ చాలామంది నెలకి ఇంటి నుంచి వచ్చే డబ్బుతో గది అద్దె, మెస్ బిల్లు, స్టడీ హాల్ సీటు, టెస్ట్ సిరీస్ అన్నీ లాక్కొస్తున్నారు. మీరు వాడుతున్నది ఆశపోతుతనంతో అని నేననుకోను. కానీ తప్పు కాదనడానికి మీరు చెప్పే కారణాలు ఉన్నాయి చూశారా, అవి నిలబడతాయా లేదా అన్నది చూడాలి.

మొదటి కారణం అందరూ చెప్పేదే. "సిగ్నల్ నా గదిలోకి వచ్చింది, నేను దాని దగ్గరికి పోలేదు." దీనికి వీధి దీపం పోలిక చెబుతారు. దీపం వాళ్ళది, వెలుగు నా పుస్తకం మీద పడింది, చదువుకున్నాను, ఎవరికేం పోయింది అని. పోలిక బాగుంది, కానీ వైఫై అలా పనిచేయదు. వెలుగు ఒక వైపు నుంచే వస్తుంది. వైఫైలో మీ ఫోన్ అడగాలి, రౌటర్ జవాబివ్వాలి, మళ్ళీ మీ ఫోన్ అందిందని చెప్పాలి. ఇది సెకనుకి వందలసార్లు జరుగుతుంది. అంటే మీరు పక్కింటి దీపం కింద కూర్చోవడం లేదు, పక్కింటి మనిషికి పని చెబుతున్నారు.

ఇక్కడ నా పాత ఉద్యోగం కాస్త బయటికి వస్తుంది, ఓపిక పట్టండి. ఒక వైఫై ఛానల్‌లో ఒక సమయంలో ఒకరే మాట్లాడాలి. మిగతావాళ్ళు ఆగాలి. రౌటర్ పక్కనే కూర్చున్న ఫోన్ వేగంగా మాట్లాడి తప్పుకుంటుంది. రెండు గోడలు, ఒక శ్లాబ్ దాటి ఉన్న ఫోన్‌కి సిగ్నల్ బలహీనం కాబట్టి అది నెమ్మదిగా మాట్లాడుతుంది. లెక్క చూడండి. మామూలుగా ఒక డేటా ప్యాకెట్ 1,500 బైట్లు, అంటే 12,000 బిట్లు. సెకనుకి 54 మెగాబిట్ల వేగంతో పంపితే దానికి పట్టేది 0.22 మిల్లీసెకన్లు. వేగం 6 మెగాబిట్లకి దిగిపోతే 2 మిల్లీసెకన్లు. అదే ప్యాకెట్, తొమ్మిది రెట్లు సమయం. ఆ 2 మిల్లీసెకన్లూ కేఫ్‌లో డబ్బిచ్చి కూర్చున్న మనిషి ఆగాలి. ఖరీదైన కొత్త రౌటర్లలో దీన్ని కొంత సర్దే ఏర్పాటు ఉంది. టీ కొట్లో ఉండేది ఎలాంటి రౌటరో మీకు తెలుసు.

కాబట్టి "మిగిలిపోయిందే వాడుకున్నాను" అనేది పట్టపగలు చెల్లదు. దూరంగా ఉండి వాడేవాడే అందరికన్నా ఎక్కువ సమయం తింటాడు. ఇది చాలామందికి తెలియదు, కస్టమర్‌కీ తెలియదు. ఆయన "ఈ కేఫ్‌లో నెట్ చెత్తగా ఉంది" అని ఒక స్టార్ ఇచ్చి వెళ్ళిపోతాడు. ఓనర్ వైఫై కంపెనీకి ఫోన్ చేసి తిడతాడు. రెండో అంతస్తులో మీకు ఇవేవీ తెలియవు.

షట్టర్ దించాక? అప్పుడు కస్టమర్లు లేరు, ఆగేవాళ్ళు లేరు. "అన్‌లిమిటెడ్ ప్లానే కదా సార్, ఆయనకి పోయేదేముంది?" ఇది రెండో కారణం, మొదటిదానికన్నా గట్టిది. అన్‌లిమిటెడ్ అని రాసి ఉన్న చాలా ప్లాన్లకి నెలకి 3,300 జీబీ దగ్గర ఒక గీత ఉంటుంది, అది దాటితే వేగం పడిపోతుంది. హెచ్‌డీ వీడియో గంటకి మూడు జీబీ దాకా తాగుతుంది. మీరొక్కరే అయితే ఆ గీత దగ్గరికి కూడా రాదు. కానీ పాస్‌వర్డ్ మీ ఒక్కరి దగ్గరే ఉందా? పది గదులు, రోజుకి మూడేసి గంటలు అనుకోండి. రోజుకి 90, నెలకి 2,700. ఇక ఆయన వ్యాపారానికి మిగిలింది 600. ఆ పది మందిలో ప్రతి ఒక్కరూ "నా ఒక్కడి వల్ల ఏమవుతుంది" అనుకున్నవాళ్ళే.

సరే, అంత మంది లేరు, నిజంగా మీరొక్కరే, రాత్రి పన్నెండు, ఎవరికీ ఒక్క పైసా నష్టం లేదు. అప్పుడు కూడా ఒక సంగతి మిగులుతుంది. నా ఉద్దేశంలో అసలు విషయం అదే. ఆ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది?

2008 జూలై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్ళు జరిగాయి. పేలుళ్ళకి కొద్ది నిమిషాల ముందు మీడియాకి ఒక మెయిల్ వచ్చింది. పోలీసులు ఆ మెయిల్ దారి పట్టుకుని వెళితే నవీ ముంబైలో ఒక ఫ్లాట్ దగ్గర తేలారు. అక్కడ ఉంటున్నది ఒక అమెరికన్. ఆయనకీ పేలుళ్ళకీ సంబంధం లేదు. ఆయన వైఫైకి తాళం లేదు, ఎవరో వాడుకున్నారు. కానీ ముందు విచారణలు ఎదుర్కొన్నది ఆయన. ఆ తర్వాత 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ ఆదేశాలు ఇచ్చింది. పబ్లిక్ వైఫై ఇచ్చే చోట వాడేవాళ్ళ గుర్తింపు తీసుకోవాలి, లేదా మొబైల్ నంబరుకి ఎస్సెమ్మెస్‌లో లాగిన్ వివరాలు పంపాలి, ఆ రికార్డు ఏడాది పాటు ఉంచాలి అని. విమానాశ్రయంలో, రైల్వే స్టేషన్లో వైఫై పెడితే ఓటీపీ అడుగుతుందే, దాని వెనకున్న కథ ఇది. మీ కింది కేఫ్ ఆయన అవేమీ పెట్టలేదు. గోడకి కాగితం అంటించాడు. చట్టం తెలియక చేశాడు. అంటే ఆ నెట్‌లో ఎవరు ఏం చేసినా ముందు తలుపు తట్టేది ఆయనదే. మీరు వీడియో క్లాసే చూస్తారు, నేను నమ్ముతాను. ఆయన నమ్మాలా వద్దా అన్నది ఆయన తేల్చుకోవాలి కదా. ఆయనకి ఆ అవకాశమే మీరు ఇవ్వలేదు. నాకు తప్పుగా కనిపించేది జీబీలు కాదు, ఇది.

చట్టం ఏమంటుందో త్వరగా చెప్పేస్తాను, నోట్స్ రాసుకునేవాళ్ళ కోసం. ఐటీ చట్టం 2000, సెక్షన్ 43. యజమాని గానీ బాధ్యత చూసేవాళ్ళు గానీ అనుమతి ఇవ్వకుండా కంప్యూటర్ నెట్‌వర్క్‌లోకి వెళితే నష్టపరిహారం. అదే పని నిజాయితీ లేకుండా గానీ మోసపూరితంగా గానీ చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. టీ కొట్టు వైఫైకి మిమ్మల్ని జైల్లో వేస్తారని భయపెట్టడం లేదు. అనుమతి, ఉద్దేశం, ఈ రెండు మాటల మీదే చట్టం కూడా నిలబడి ఉందని గమనించండి.

బయటి దేశాల్లో నిజంగానే కేసులు పెట్టారు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, స్పార్టా అనే చిన్న ఊరు, 2007. ఒకాయన లంచ్ టైంలో ఒక కేఫ్ బయట కారు ఆపుకుని, లోపలి వైఫైతో మెయిల్ చూసుకునేవాడు. పోలీసు వచ్చి ఏం చేస్తున్నావని అడిగితే దాపరికం లేకుండా చెప్పేశాడు. 400 డాలర్ల జరిమానా, 40 గంటల సమాజ సేవ పడ్డాయి. ఆ కేఫ్‌లో కస్టమర్లకి వైఫై ఉచితమే. ఇది నేరమని ఓనరమ్మకి కూడా తెలియదు. లోపలికి వచ్చి ఉంటే సరిపోయేదని ఆవిడ అంది. సింగపూర్‌లో 17 ఏళ్ళ కుర్రాడు పక్కింటివాళ్ళ వైఫై వాడినందుకు 2007లో 18 నెలల ప్రొబేషన్ వేశారు. నన్నడిగితే రెండూ అతి. స్పార్టాలోలా ఓనర్ ఫిర్యాదే చేయని చోట ప్రభుత్వం కర్ర పట్టుకుని రావడం దోమ మీదికి ఫిరంగి తేవడం. కానీ "లోపలికి వచ్చి ఉంటే సరిపోయేది" అన్న ఆ మాట దగ్గర కాసేపు ఆగండి. ఆవిడ ఇచ్చింది ఇంటర్నెట్ కాదు. తన కొట్లోకి రమ్మని పిలుపు ఇచ్చింది. వైఫై ఆ పిలుపులో భాగం.

ఇప్పుడు ఒకరు లేచి "మరి లేనివాడి సంగతేంటి సార్" అనాలి. ఎవరూ అనలేదు కాబట్టి నేనే అంటాను. 2020లో కాలిఫోర్నియాలోని సాలినాస్‌లో ఇద్దరు చిన్నపిల్లలు ఒక ఫాస్ట్‌ఫుడ్ దుకాణం బయట నేల మీద కూర్చుని, ఆ వైఫైతో ఆన్‌లైన్ హోంవర్క్ చేసుకుంటున్న ఫోటో ప్రపంచమంతా తిరిగింది. దాన్ని చూసి ఆ పిల్లలది తప్పని ఎవరన్నా అన్నారా? స్కూళ్ళ అధికారులే సిగ్గుపడి వాళ్ళకి హాట్‌స్పాట్ ఇచ్చారు. మన దగ్గర ఎర్నాకుళం స్టేషన్ కూలీ కథ మీకు తెలుసు. సామాన్లు మోస్తూ, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని స్టేషన్ వైఫైతో పాఠాలు విన్నాడు. 2018లో వార్తల్లో వచ్చింది కేరళ పీఎస్సీ రాత పరీక్ష పాసయ్యాడని. వాట్సాప్‌లో తిరిగేటట్టు ఐఏఎస్ కాదు, అది వదిలేయండి. అతను చేసింది తప్పా? ఏ మాత్రం కాదు. స్టేషన్లో ఉన్నవాళ్ళ కోసం ఇచ్చిన నెట్ స్టేషన్లో ఉండే వాడుకున్నాడు. సాలినాస్ పిల్లలు కూడా అందరికీ కనిపించేలా గుమ్మంలోనే కూర్చున్నారు. వద్దనాలనుకుంటే అనడానికి అక్కడ మనుషులున్నారు. మీరు దుప్పటి కప్పుకుని రెండో అంతస్తులో ఉన్నారు. అవసరం అనేది పెద్ద కారణమే, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ అవసరం ఉన్నవాడు అడుగుతాడు. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదంటారు, కేఫ్ ఓనర్ పెడతాడా?

ఇంకొంచెం ముందుకెళ్ళేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మీద నాకు ఏ జాలీ లేదు. రైల్వే స్టేషన్లలో రోజుకి అరగంట ఉచితం, తర్వాత ప్యాక్ కొనాలి. ఆ అరగంట అయిపోగానే ఏదో ఒక తంత్రంతో కొత్త మనిషిలా మళ్ళీ లాగినయ్యేవాళ్ళు. సిగ్నల్ గదిదాకా రావడం లేదని, దాన్ని అందుకుని ఇంకా దూరం పంపే రిపీటర్ కొని కిటికీలో పెట్టేవాళ్ళు. ఎదుటివాడి వైఫై కోసం సొంత డబ్బులతో పరికరం కొన్నాక, సిగ్నల్ దానంతటదే వచ్చిందని ఎలా చెబుతారు?

ఓనర్ల తప్పు కూడా చెప్పాలి, లేకపోతే మీ మీదే పడ్డట్టుంటుంది. ఫ్రీ వైఫై అని పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టి, ఎవరికో, ఎంతసేపో రాయరు. సగం రౌటర్లలో వచ్చేపోయేవాళ్ళకి గెస్ట్ నెట్‌వర్క్ విడిగా పెట్టుకునే వీలుంటుంది, వేళలు పెట్టుకునే వీలుంటుంది, ఒక్కరికి ఇంతే వేగం అని కట్టడి చేసే వీలుంటుంది. ఎవరూ ఆ సెట్టింగ్స్ తెరవరు. బిల్లింగ్ కంప్యూటర్ కూడా అదే నెట్‌వర్క్ మీద పెట్టుకుని, పాస్‌వర్డ్ గోడకి అంటిస్తారు. అది ఫ్రీ వైఫై కాదు, గల్లాపెట్టె తెరిచిపెట్టడం. పెద్ద కంపెనీల కేఫ్‌లైతే మీ ఫోన్ నంబరు తీసుకుని ఏడాది పొడవునా ఆఫర్ మెసేజీలు పంపుతాయి. అక్కడ "నేను నా నంబరుతో డబ్బు కట్టేశాను" అనే వాదనలో కొంచెం పస ఉంది. కొంచెమే. కట్టినది ఏ షరతుకో లాగిన్ పేజీలో ఉంటుంది. మనం చదవకుండా ఒప్పుకున్నామని నొక్కేస్తాం.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక యువకుడు: సార్, నేను రోజూ అక్కడే రెండు పూటలా టీ తాగుతా. నెలకి వాళ్ళకి ఆరేడు వందలు ఇస్తున్నా. రాత్రి గదిలో వాడితే నేను కస్టమర్‌నే కదా?)

బాగా అడిగావు బాబూ. నీ కేసు చాలా వరకు బలమైనదే. నువ్వు పరాయివాడివి కాదు, ఆయనకి నీ మొహం తెలుసు. ఇంత తెలిసినవాడివి ఒక్కమాట అడగడానికి ఇబ్బందేముంది? "అన్నా, పైన గదిలో రాత్రి కాస్త వాడుకుంటా, పర్లేదా?" అంతే కదా. ఒకవేళ కౌంటర్ దగ్గర కుర్రాడు "వాడుకో అన్నా" అన్నాడనుకో, దాన్ని లెక్కలోకి తీసుకోకు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అది. ఓనర్ని అడుగు, లేదా మేనేజర్ని.

(ఒక అమ్మాయి: అడిగితే పాస్‌వర్డ్ మార్చేస్తాడేమో సార్?)

(నవ్వులు) చూశారా, ఈ అమ్మాయి అందరికన్నా నిజం మాట్లాడింది. మార్చేయొచ్చమ్మా. అలా మారుస్తాడని నీకు ముందే అనిపిస్తోందంటే, ఆయన ఒప్పుకోడని నీకు తెలుసు. ఒప్పుకోడని తెలిసి వాడటం, తెలియక వాడటం ఒకటి కాదు. ఇందాక సెక్షన్ 66లో ఉద్దేశం అన్నాను కదా, అది ఇదే.

(మరొకరు: ఓనర్ సరే అంటే ఇక ఏ సమస్యా లేదా సార్?)

ఉంది. ఓనర్ సరే అన్నంత మాత్రాన అయిపోదు. ఆయన కనెక్షన్ తీసుకున్న కంపెనీతో ఆయనకొక ఒప్పందం ఉంటుంది. ఆ ఆవరణలో వాడుకోవడానికే, బయటివాళ్ళకి పంచడానికి కాదు అని అందులో సాధారణంగా రాసి ఉంటుంది. ఇందాక చెప్పిన గుర్తింపు నిబంధన ఒకటి. ఆయన మంచితనంతో సరే అన్నా, చిక్కు ఆయన మెడకే. దీనికి మంచి దారి ఒకటి ఉంది, ఎందుకో మన వీధుల్లో పెద్దగా పట్టించుకోలేదు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం వాణి అనే పథకానికి ఆమోదం తెలిపింది. టీ కొట్టు, కిరాణా కొట్టు, జిరాక్స్ షాపు ఎవరైనా పబ్లిక్ డేటా ఆఫీస్‌గా మారి వైఫై అమ్మొచ్చు. లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. వాడేవాళ్ళు యాప్‌లో ఒకసారి నంబరుతో నమోదైతే చాలు, ఐదు, పది రూపాయల కూపన్లు కొనుక్కోవచ్చు. గుర్తింపు, రికార్డు అంతా ఆ వ్యవస్థే చూసుకుంటుంది. ఓనర్ మెడకి చిక్కు లేదు, పైగా నాలుగు రూపాయలు మిగులుతాయి.

(అదే వ్యక్తి: మరి ఎందుకు పెట్టడం లేదు సార్?)

చాలాకాలం కంపెనీలు ఇలాంటి కొట్లకి మామూలు బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వకుండా, ఒక్కరికే కేటాయించే ఖరీదైన లీజ్డ్ లైన్ తీసుకోమనేవి. టీ అమ్మేవాడు ఆ రేటు ఎక్కడ కడతాడు? 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దీనికి ఒక కట్టడి పెట్టింది. 200 మెగాబిట్ల దాకా ప్లాన్లకి ఇళ్ళ దగ్గర తీసుకునే రేటుకి రెండింతలు మించి వసూలు చేయకూడదని. ఇప్పుడు లెక్క కుదరొచ్చు. మీ హాస్టల్ కింద ఉన్న ఆయనకి రోజుకి ముప్పై మంది పది రూపాయలు ఇస్తే మూడు వందలు, నెలకి తొమ్మిది వేలు. ప్లాన్ బిల్లు పోగా కూడా సంగతి తేలుతుంది. ఎవరో ఒకరు వెళ్ళి ఆయనకి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాలి. మీలో ఎవరైనా మాట్లాడతామంటే చెప్పండి, నేను కూడా వస్తాను. రౌటర్ సెట్టింగ్స్ నేను చూస్తాను, టీ బిల్లు మాత్రం మీది.